అవ్వల పాటకు పుస్తకం కట్టిన ఆచార్యుడు



మన గుత్తికి రాతకేమీ కొదవ లేదు. కొండ మీద కోట ఉంది, కోటలో శాసనాలున్నాయి. పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర గుట్ట బండల మీద అశోక చక్రవర్తి చెక్కించిన మాటలు రెండు వేల రెండు వందల ఏళ్ళు దాటినా అట్లే ఉన్నాయి. కోటను ఏలిన మురారిరావు ఘోర్పడే పేరు, 1776లో ఆ కోట హైదరాలీ వశమైన సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరా తగిలి చనిపోతే మొదట మన గుత్తిలోనే పాతిపెట్టారు. ఆ విషయమూ రాసిపెట్టి ఉంది.

అయితే ఆ కోటకు రాళ్ళు మోసినవాళ్ళు ఏం పాడుకుంటూ మోశారో ఎక్కడా రాసి లేదు. మురారిరావు గుర్రానికి జీను కుట్టిన చేతులు ఎవరివో రాసి లేదు. రాజు మాట బండ మీద నిలిచింది. మన అవ్వల మాట గాలిలో కలిసింది. గాలిలో కలిసే ఆ మాటను పట్టి కాగితం మీద పెట్టడమే బతుకుగా చేసుకున్న ఒక పెద్దమనిషి గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాయాలని మా గదిలోని ఆరుగురం కలిసి అనుకున్నాం. ఆయన పేరు ఆచార్య బిరుదురాజు రామరాజు.

సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాయండి అని వార్డెన్ గారు చెప్పినప్పుడు, మాలో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. అంబేద్కర్ గారి గురించి ప్రతి ఏడూ రాస్తాం, రాస్తూనే ఉంటాం. ఈసారి ఇంకొకరి గురించి కూడా రాద్దామని అన్నప్పుడు, మాకు తెలుగు చెప్పే సారు రామరాజు గారి పేరు ఎత్తారు. ‘మీ అవ్వలు పాడే పాటల మీద పరిశోధన చేసి డాక్టరైన మనిషి’ అన్నారు. మందుల డాక్టరా అని మాలో చిన్నోడు అడిగాడు. కాదప్పా, పాటల డాక్టరు అని సారు నవ్వారు. పాటల మీద కూడా డాక్టరు పట్టా ఇస్తారని మేము వినడం అదే మొదటిసారి.

ఓరుగల్లు పల్లె నుంచి

రామరాజు గారు 1925లో, ఒకప్పటి వరంగల్లు జిల్లాలోని దేవనూరు అనే పల్లెలో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. సర్కారు భాష ఉర్దూ, పెద్ద చదువుల భాషా ఉర్దూనే. ఊళ్ళో జనం తెలుగు మాట్లాడుతున్నా, కచేరీలో, బడిలో తెలుగుకు మర్యాద తక్కువ. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఒక న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారట. ఆ అవమానం సహించలేక ఆ రాత్రికి రాత్రే కొందరు తెలుగు యువకులు కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాత తెలంగాణలో వచ్చిన గ్రంథాలయాలకు, ఉద్యమాలకు అదొక విత్తనం.

ఆ సంగతి చదివినప్పుడు మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మాలో ఇద్దరు ఒక పెద్ద ఊరికి వ్యాసరచన పోటీకి పోయినప్పుడు, ‘రాయల్ల’, ‘పోవల్ల’ అన్నందుకు అక్కడి పిల్లలు వెనకనుంచి నవ్వారు. భోజనాల దగ్గర కూడా ఆ మాటలే అని చూపి నవ్వారు. తెలుగు మాట్లాడినందుకు ఒక సభ నవ్వితే ఒక ఉద్యమం పుట్టింది. యాసకు నవ్వితే మేమేం చేయాలన్న ప్రశ్న ఆ రోజు నుంచి మాలో ఉండిపోయింది.

రామరాజు గారు విద్యార్థిగా ఉన్నప్పుడే నిజాం పాలనకు ఎదురు నిలిచిన ఉద్యమంలో చేరి జైలుకు వెళ్ళారు. హైదరాబాదు నిజాం కళాశాలలో బి.ఏ. చదివారు. న్యాయశాస్త్రం చదివి పట్టా తీసుకున్నారు. నల్లకోటు వేసుకుని ఉంటే పేరూ డబ్బూ రెండూ వచ్చేవి. ఆయన మాత్రం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చేసి, పల్లె పాటల వెంట పడ్డారు. పరిశోధన అంటే కావ్యం మీదో, వ్యాకరణం మీదో, ఏ మహాకవి మీదో చేసేదని అనుకునే రోజులవి. కవి పేరే లేని పాటల మీద పరిశోధన చేయడానికి గుండె ధైర్యం కావాలి.

1956లో ఆ పరిశోధనకు ఉస్మానియా పీహెచ్‌డీ ఇచ్చింది. ఉస్మానియాలో తెలుగు సాహిత్యానికి వచ్చిన మొదటి పీహెచ్‌డీ అదే. సరిగ్గా అదే సంవత్సరం నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రెండేళ్ళకు, 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అన్న పేరుతో అది పుస్తకంగా వచ్చింది. పురాణ కథల పాటలు, చరిత్ర వీరుల పాటలు, ఆడవాళ్ళ పాటలు, పనిచేసేవాళ్ళ పాటలు, పిల్లల పాటలు అని వేటికవి విడదీసి, వాటిలో ఏముందో, ఎందుకు పుట్టాయో చూపించిన పుస్తకం అది. తర్వాత జానపదం మీద పనిచేసిన తెలుగువాళ్ళందరూ దాని మీద నిలబడే ముందుకు పోయారు. నాయని కృష్ణకుమారి గారు కథ చెప్పే పాటల మీద, తంగిరాల వెంకటసుబ్బారావు గారు వీరగాథల మీద పనిచేశారు. ఆర్వీయస్ సుందరం గారు ‘ఆంధ్రుల జానపద విజ్ఞానం’ రాశారు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠమే నడిపింది. ఆ పీఠం ఆయన పుట్టిన జిల్లాలోనే ఉండడం మాకు బాగనిపించింది.

పని పోతే పాట పోతుంది

జానపదం అంటే పాత పాట అని మేము అనుకునేవాళ్ళం. చదివిన కొద్దీ తెలిసింది ఏమిటంటే, అది పాతది కావడం వల్ల జానపదం కాదు. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోతూ, పోయిన చోటల్లా కొంచెం మారుతూ, ఎవరిదీ కాకుండా అందరిదీ అయినది జానపదం. పాట ఒక్కటే కాదు. కథ, సామెత, పొడుపుకథ, ఆట, మొక్కు, వైద్యం, పండుగ వంట, అన్నీ అందులోవే. ఇంగ్లీషులో దీనికి వాడే ‘ఫోక్‌లోర్’ అన్న మాటను విలియం థామ్స్ అనే ఆయన 1846లో పుట్టించాడు. పేరు కొత్తది, సరుకు పాతది.

మన తెలుగు పాటల మీద మొదట చూపు వేసినవాళ్ళలో దొరలూ ఉన్నారు. కార్ అనే మిలిటరీ కెప్టెన్ 1868లో మద్రాసులో తెలుగు సామెతల పుస్తకం అచ్చువేశాడు. బాయిల్ అనే అధికారి 1874లో తెలుగు వీరుల పాటల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’ అనే పత్రికలో రాశాడు. అందులో సర్వాయి పాపడి పాట ఉంది. పాపడు కల్లుగీసే కులంలో పుట్టి, 1708లో వరంగల్లు కోటనే కొట్టినవాడు. మొగలు చరిత్రకారులు అతన్ని దొంగ అని రాశారు. పాట మాత్రం అతన్ని మొనగాడు అన్నది. ఆ కాలంలో కాగితం, కలం పెద్దవాళ్ళ చేతిలో ఉన్నాయి. పాట మాత్రం చిన్నవాళ్ళ నోట్లో ఉంది. పాట లేకుంటే పాపడి కథలో సగమే మనకు దక్కేది.

ఇది చదివాక దసరా సెలవులకు ఇళ్ళకు పోయేటప్పుడు ఆరుగురం ఒక మాట అనుకున్నాం. రామరాజు గారు చేసిన పనిలో గోరంత మనమూ చేద్దాం అని. ఒక్కొక్కరం ఒక నోటుబుక్కు కొనుక్కున్నాం. మా ఊళ్ళు పామిడి, పెద్దవడుగూరు, యాడికి, గుంతకల్లు వైపువి. సెల్‌ఫోనులో రికార్డు చేసుకోవచ్చు కదా, రాయడమెందుకని ఇంట్లోవాళ్ళు అడిగారు. ఫోను ముందు పెడితే అవ్వలు బిగుసుకుపోయారు. బుక్కు ముందు పెడితే, ‘వీడికి రాయను చాతనైతదా’ అని చూడడానికైనా దగ్గరికొచ్చి కూర్చున్నారు.

మొదటి చిక్కు అక్కడే వచ్చింది. పాడమంటే పాట రాదు. ‘ఊరికే కూసోని పాడను నేనేమన్నా నాటకాలదాన్నా’ అంది మాలో ఒకని అవ్వ. వాడు రెండు రోజులు బతిమాలి, మూడో రోజు కొట్టంలో మూలకు పడి ఉన్న విసుర్రాయిని కడిగి, దోసెడు కొర్రలు పోసి ఆమె ముందు పెట్టాడు. రాయి తిరగడం మొదలుపెట్టింది. నాలుగు తిప్పులకు ఆమె గొంతులోంచి పాట దానంతట అదే వచ్చింది. రాయి ఆగినప్పుడల్లా పాట ఆగింది. ‘ముందర చెప్పిన ముక్క మళ్ళీ చెప్పవ్వా’ అంటే, మళ్ళీ రాయి తిప్పితే గాని ఆమెకు గుర్తు రాలేదు.

పనిపాట అని మనం ఒకే మాటగా ఎందుకంటామో అప్పుడు అర్థమైంది. చేతి కదలిక పాటకు తాళం. పాట చేతికి అలుపు తెలియనివ్వదు. పదిమంది కలిసి చేసే పనిలో అందరి చేతులూ ఒకేసారి లేవాలన్నా పాటే దిక్కు. విసుర్రాయి పోయి పిండిమర వచ్చింది, విసురురాతి పాట పోయింది. రోకలి పోయింది, దంపుళ్ళ పాట పోయింది. కొర్ర, సజ్జ, ఆరికె వేసే చేలల్లో శెనక్కాయ వచ్చింది. ఆ పాత పంటల కోత పాటలు ఇప్పుడు ముసలివాళ్ళకు గాని తెలియవు.

కపిల సంగతి మరీ చెప్పుకోవాలి. బావి గట్టున ఎద్దులు కట్టి, తోలుబానతో నీళ్ళు తోడేదాన్ని మా సీమలో కపిల అంటారు. ఎద్దులు వాలులో దిగుతుంటే బాన పైకి వచ్చేది. మాలో ఒకని తాత చెప్పినదాని ప్రకారం, తోలేవాడు మోకు మీద కూర్చుని పాడే పాటలోనే ఎన్ని బానలైందీ లెక్క ఉండేది. తెల్లవారుజామున ఒక బావి దగ్గర పాడితే పక్క బావివాడు బదులు పాడేవాడట. ఆ పాట రైతు పాడినాడు. ఆ తోలుబాన కుట్టింది ఎవరు? మా తాతముత్తాతలే. మోటారు వచ్చింది, బోరు వచ్చింది. వందల అడుగులు దించినా నీళ్ళు పడని కాలమూ వచ్చింది. కపిలతో పాటు పాటా పోయింది, బాన కుట్టే పనీ పోయింది. పాట చచ్చిపోయిందని చెప్పి ఊరుకుంటే సగం కథ. ఆ పాటతో పాటు ఎవరి చేతిలోని కూడు పోయిందో కూడా రాసుకోవాలి.

కరువు సీమలో వానకు కూడా ఒక జానపదం ఉంది. కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పి నీళ్ళు పోయించడం, ఊరి గుడిలో విరాటపర్వం చదివించడం మా ఊళ్ళల్లో పెద్దలందరికీ తెలుసు. వాన వచ్చిందా రాలేదా అన్నది వేరే సంగతి. ఇంటింటి నుంచి చెంబెడు నీళ్ళు బయటికి వచ్చేవి, ఊరంతా ఒకచోట చేరేది. గూగూడు కుళ్ళాయప్ప పీర్ల పండుగకు హిందువులూ ముస్లిములూ కలిసి పోయే జిల్లా మనది. మన పల్లెల్లో ఉరుముల వాయిద్యం ఉంది, చెక్కభజన ఉంది, తోలుబొమ్మలాట ఉంది. వీటిలో చాలా వాటిని బతికించినవి మన వాడలే.

తప్పెట ఎవరిది?

రెండో చిక్కు పాటకన్నా పెద్దది. మాలో ఒకని నాయన తప్పెట కొడతాడు. జాతరకు ఆయనే, పెళ్ళి ఊరేగింపుకు ఆయనే, చావుకూ ఆయనే. ఒక్కో సందర్భానికి ఒక్కో దరువు. ఆ దరువుల పేర్లు, అవి మారే తీరు రాసుకుంటానని కొడుకు అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ‘నేను కొట్టినందుకే నీ చేతికి బుక్కొచ్చింది. ఆ బుక్కులో మళ్ళా దీన్నే ఎందుకు రాస్తావురా’ అన్నాడు.

ఈ మాటకు మేము హాస్టలుకు తిరిగొచ్చాక వారం రోజులు వాదించుకున్నాం. టీవీలో, స్టేజీ మీద తప్పెట కొడితే కళ అంటారు, శాలువా కప్పుతారు. ఊళ్ళో కొడితే వెట్టి అంటారు, దూరంగా నిలబెట్టి చేతిలో పైసలు వేస్తారు. తప్పెట ఒకటే. నిలబెట్టిన చోటు వేరు. జానపద కళ అంతరించిపోతోందని బాధపడేవాళ్ళు, ఆ కళాకారుడు ఎందుకు మానుకోవాలనుకుంటున్నాడో కూడా అడగాలి. ఆ నాయన మాటలో తప్పెట మీద ద్వేషం లేదని మాకు అనిపించింది. తప్పెటతో పాటు అంటుకుని వచ్చిన అమర్యాద మీద కోపం ఉంది. చివరికి మా మిత్రుడు మళ్ళీ ఇంటికి పోయినప్పుడు ఆ మాటే అడిగాడు. ‘ఎవరూ పిలవకుండా, నీ కోసం నువ్వు ఎప్పుడన్నా కొట్టినావా నాయనా’ అని. ఆయన కాసేపు ఊరకుండి, వీడు పుట్టిన రాత్రి కొట్టినాను అన్నాడట. మా పుస్తకంలో మొదట రాసుకున్న దరువు అదే. మిగతావి ఆయన చెప్తానన్నప్పుడు రాస్తాం, వద్దంటే రాయం.

ఇక్కడ మాకు సముద్రాలకు అవతలి ఒకామె గుర్తుకొస్తుంది. ఆమె గురించి కూడా తెలుగు సారే చెప్పారు. జోరా నీల్ హర్‌స్టన్ అమెరికాలోని నల్లజాతి రచయిత్రి. 1891లో పుట్టి, నల్లవాళ్ళే కట్టుకుని నడుపుకున్న ఈటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో పెరిగింది. న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలలో 1928లో పట్టా తీసుకుంది. ఫ్రాంజ్ బోయాస్ అనే గొప్ప మానవశాస్త్ర పండితుని దగ్గర చదువుకుంది. అంత చదివి ఎక్కడికి పోయింది? కథలు పోగు చేయడానికి తను పెరిగిన ఊరికే తిరిగిపోయింది. అరుగుల మీద కూర్చుని తనవాళ్ళు చెప్పుకునే కథల్ని వాళ్ళ మాటల్లోనే రాసి 1935లో ‘మ్యూల్స్ అండ్ మెన్’ అనే పుస్తకం వేసింది.

ఆమె చేసిన ఇంకొక పని మాకు ఇంకా నచ్చింది. ఆఫ్రికా నుంచి బానిసలను మోసుకొచ్చిన చివరి ఓడలో వచ్చి, ముసలితనం దాకా బతికిన కుడ్జో లూయిస్ అనే తాత దగ్గర కూర్చుని ఆయన కథంతా రాసుకుంది. ఆ తాత యాస తీసేసి మంచి ఇంగ్లీషులో రాయమని అచ్చువేసేవాళ్ళు అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. పుస్తకం అచ్చు కాలేదు. 1931 నాటికి రాసిన ఆ ‘బరాకూన్’ 2018లో గాని వెలుగు చూడలేదు. ఆమె 1960లోనే పోయింది. చివరి రోజులు ఒక వెల్ఫేర్ హోంలో గడిచాయి. అంత్యక్రియలకు తెలిసినవాళ్ళు చందాలు వేసుకున్నారు. సమాధి మీద పేరు కూడా లేదు. ఆమె కాగితాలు మంటలో వేస్తుంటే తెలిసిన పోలీసు ఒకాయన చూసి ఆర్పాడు కాబట్టి కొన్ని దక్కాయి. 1973లో ఆలిస్ వాకర్ అనే రచయిత్రి వెతుక్కుంటూ పోయి ఆ చోట రాయి పెట్టించింది.

వెల్ఫేర్ అన్న మాట మన హాస్టలు బోర్డు మీద కూడా ఉంది కాబట్టో ఏమో, ఆ రాత్రి మా గదిలో ఎవరమూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ‘రాయల్ల’, ‘పోవల్ల’ అన్నందుకు నవ్వినవాళ్ళకు ఏం చెప్పాలో మాత్రం అప్పుడు తెలిసింది. చెప్పాల్సిన పని లేదు. మా అవ్వ చెప్పిన కథను మా అవ్వ మాటల్లోనే రాసి అచ్చులో చూపిస్తే చాలు. మా నోటుబుక్కులో ‘రాయల్ల’ను ‘రాయాలి’ అని మార్చకూడదని ఆ రాత్రే నియమం పెట్టుకున్నాం.

సామెతల దగ్గర ఆగిపోయిన కలం

మూడో చిక్కు సామెతలు. సెలవుల్లో ఆరుగురం కలిసి రాసుకొచ్చినవి మూడు వందలు దాటాయి. ఎంత తెలివి, ఎంత నవ్వు, ఎంత అనుభవం అందులో! వాన గురించి, అప్పు గురించి, అత్త గురించి, ఎద్దు గురించి సామెత లేనిది లేదు. అయితే మధ్య మధ్యలో కొన్ని వచ్చాయి. అందులో మన కులాల పేర్లు ఉన్నాయి. ఆడవాళ్ళను తిట్టేవి, కుంటివాళ్ళను గుడ్డివాళ్ళను ఎగతాళి చేసేవీ ఉన్నాయి. వాటిని మనవాళ్ళే నవ్వుతూ చెప్పారు. అలవాటు పడిన నోళ్ళు కదా.

వాటిని చించేద్దాం అన్నాడు ఒకడు. మన చేత్తో మనమే ఎందుకు రాయాలి అని అతని వాదన. రాయకపోతే అట్లాంటివి లేనేలేవని రేపు అంటారు, ఊరంతా ఎప్పుడూ అన్నదమ్ముల్లా ఉన్నారని పుస్తకాలు రాస్తారు, అన్నాడు ఇంకొకడు. రెండు మాటలూ నిజమే. గ్రంథాలయంలో ఉన్న పెద్ద సామెతల పుస్తకాల్లో అవి ఏ వ్యాఖ్యా లేకుండా, వానా వంకా సామెతల పక్కనే, అకారాది వరుసలో కూర్చుని ఉన్నాయి. అట్లా కూర్చోబెట్టడం మాకు నచ్చలేదు.

చివరికి ఒక పద్ధతి అనుకున్నాం. అట్లాంటి సామెతను రాస్తాం, వేరే పేజీలో రాస్తాం. ఎవరు ఎవరిని అనడానికి వాడేవాళ్ళో పక్కన రాస్తాం. దానికి బదులుగా మనవాళ్ళు చెప్పుకున్న సామెతో కథో ఉంటే అదీ రాస్తాం. పేజీ పైన ఒక వాక్యం పెట్టాం: ఇందులో అన్నవాడి గుణం తెలుస్తుంది, అనిపించుకున్నవాడిది కాదు. కులం పేరు పెట్టి నలుగురిలో అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని కూడా కింద రాశాం. ఒకప్పుడు సామెతగా చెలామణి అయింది ఈనాడు కేసు అవుతుందంటే, కాలం ఎంతోకొంత మన వైపుకు నడిచిందనే కదా అర్థం.

మన కథలు మన దగ్గర లేవా? ఉన్నాయి. భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడని చెప్పే జాంబ పురాణం తరతరాలుగా మాదిగలకు డక్కలి, చిందు కళాకారులు చెప్తూ వచ్చారు. బడి పుస్తకంలో మనం కనిపించకపోయినా, ఆ కథలో అందరికన్నా ముందు పుట్టినవాళ్ళం. నిజమా కాదా అని శాస్త్రం అడిగే ప్రశ్న వేరు. తలవంచుకున్న మనిషి తల ఎత్తుకోవడానికి కట్టుకున్న కథ అది. అందుకైనా దాన్ని రాసి ఉంచాలి.

చరిత్రకెక్కనివాళ్ళు

రామరాజు గారు పాటలతో ఆగలేదు. పాత తాళపత్ర గ్రంథాలు వెతికి సేకరించారు. ఊరూరా తిరిగి యోగుల, సాధువుల జీవితాలు తెలుసుకుని ‘ఆంధ్ర యోగులు’ అని సంపుటాలుగా రాశారు. ఆంధ్రప్రదేశ్ జానపద కథలను ఇంగ్లీషులోకి తెచ్చి 1974లో పుస్తకం చేశారు. ఉస్మానియాలో ఆచార్యులుగా ఎందరికో చదువు చెప్పారు. 1995లో భారత ప్రభుత్వం ఆయనను జాతీయాచార్యునిగా గౌరవించింది. 2010 ఫిబ్రవరి 8న హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన పుస్తకాల్లో ఒకదాని పేరు ‘చరిత్రకెక్కని చరితార్థులు’. ఆ పేరు వినగానే మేము ఆగిపోయాం. చరితార్థులైనా చరిత్రకు ఎక్కనివాళ్ళు ఎంతమందో! విసుర్రాయి తిప్పిన అవ్వ, తోలుబాన కుట్టిన తాత, పుట్టిన బిడ్డ కోసం తప్పెట కొట్టిన నాయన, అందరూ ఆ లెక్కలోకే వస్తారు. పాటల పుస్తకం మీద సేకరించినవారి పేరు ఉంటుంది, ఉండాలి కూడా. ఆ కష్టం చిన్నది కాదు. పాడిన అవ్వ పేరు మాత్రం చాలా పుస్తకాల్లో కనపడదు. ‘ఒక ముసలమ్మ పాడగా’ అని ఉంటుంది. రామరాజు గారి తరం పాటను కాపాడింది. పాడినవాళ్ళ పేరును కాపాడే పని మన తరానికి మిగిలింది. అది వాళ్ళకన్నా మనకే సులువు. ఎందుకంటే, ఆమె మనకు ఒక ముసలమ్మ కాదు, మన అవ్వ. ఆమె పేరు మనకు తెలుసు.

అందుకే మా ఆరు నోటుబుక్కులూ కలిపి ఒకే పెద్ద పుస్తకంలోకి ఎక్కిస్తున్నాం. ప్రతి పేజీలో చెప్పినవారి పేరు, ఊరు, వయసు, తేదీ, వాళ్ళు ఏ పని చేస్తూ చెప్పారో రాస్తున్నాం. రాసింది వాళ్ళకు చదివి వినిపిస్తున్నాం. వద్దన్నది కొట్టేస్తున్నాం. విసుర్రాయి పాడిన అవ్వకు మనవడు చదివి వినిపిస్తే, రెండు చోట్ల తప్పు రాసినావని దిద్దింది. తర్వాత తన పేరు ఎక్కడుందో చూపించమంది. ఆమెకు చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ‘ఇదేనా నేను’ అని అడిగిందట.

ఈ పుస్తకం మా ట్రంకు పెట్టెల్లో పోకుండా హాస్టలు గ్రంథాలయ బీరువాలో ఉంచడానికి వార్డెన్ గారు ఒప్పుకున్నారు. మాలో ఇద్దరం ఈ ఏడాదితో హాస్టలు వదిలి పోతాం. పుస్తకంలో ఇంకా నూరు పేజీలకు పైగా తెల్లగా ఉన్నాయి. తమ్ముళ్ళారా, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ఒక పెన్ను తీసుకుపోండి. అవ్వను ఊరికే పాడమనొద్దు, ఆమె చేసే పనిలో ఒక చెయ్యి వేయండి. పాట వస్తుంది. రాసుకోండి, ఆమె పేరుతో సహా రాసుకోండి.